సోషల్ పుస్తకం గారికి జాంబీ రక్షణ కమిటీ విన్నపం

శ్రీయుత పదో తరగతి సాంఘిక శాస్త్ర పాఠ్యపుస్తకం గారి సముఖమునకు,

విషయం: జాంబీల దాడి జరిగే పక్షంలో మీ సేవలు వినియోగించుకొనుట గురించి.

ఆర్యా,

మా అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘానికి నేను సహాయ కార్యదర్శిని. నీళ్ల ట్యాంకరు రాకపోతే ఫోన్లు చేయడం, లిఫ్టులో పాన్ ఉమ్మిన మహానుభావుడెవరో తేల్చలేక ఊరుకోవడం నా విధులు. మొన్నటి సర్వసభ్య సమావేశంలో పార్కింగు తగాదా ఈ జన్మకు తేలదని అందరికీ అర్థమయ్యాక, ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ కింద ఒక ప్రశ్న వచ్చింది. చచ్చినవాళ్లు లేచి మన గేటు దాకా వస్తే ఏం చేద్దాం? రెండు నిమిషాల్లో కమిటీ ఏర్పడింది. పార్కింగుకు ఇంతవరకు కమిటీ లేదు.

నవ్వకండి. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మేలో జాంబీల దాడికి ఎలా సిద్ధపడాలో జనానికి విడమరిచి చెప్పింది. నీళ్లు, మందులు, కాగితాలు సర్దుకోండి, ఇంటిల్లిపాదీ ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి అంది. తుపాను గురించి చెబితే విననివాళ్లు జాంబీ అనగానే చెవి ఒగ్గారు. అదే ఏడాది అక్కడి సైన్యంలోని వ్యూహాత్మక కమాండ్ జాంబీల మీద యుద్ధానికి 8888 నంబరుతో ఒక ప్రణాళికే రాసింది. నిజమైన దేశం పేరు పెట్టి శిక్షణ ప్రణాళిక రాస్తే జనం అపార్థం చేసుకుంటారని జాంబీలను ఎంచుకున్నారట. ఇది సరదాకు రాసింది కాదని అందులోనే రాసుకున్నారు కూడా. కాబట్టి మా కమిటీని చూసి నవ్వేవారు ముందు అటు చూసి నవ్వాలి.

మా కమిటీలో ఇంజినీర్లకు కొదవ లేదు. ఒకాయన డ్రోన్లు కొందామన్నారు. ఒకావిడ ఏ జాంబీ ఏ వీధిలో ఉందో చూపించే యాప్ తయారు చేస్తానన్నారు. ‘కరెంటు పోతేనండీ?’ అని వాచ్‌మన్ అడిగాడు. జనరేటరు ఉందన్నారు. ‘డీజిల్ అయిపోతే?’ అతన్ని టీ తెమ్మని పంపించారు. ఈలోగా ఎవరో ఉత్తరం ఎటు అని అడిగారు. అందరూ ఒకేసారి ఫోన్లు తీశారు.

మీరు గుర్తుకొచ్చింది అక్కడే. మూడో అంతస్తులో ఉండే విశ్రాంత తహసీల్దారు గారు ఇంట్లోంచి సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటం తెచ్చి ప్లాస్టిక్ బల్ల మీద పరిచారు. అది చుట్టుకుపోతూ ఉంటే నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టాం. నిండా గోధుమరంగు గీతలు. ‘ఇవి మెట్రో లైన్లా?’ అని డ్రోన్ల ఆయన అడిగారు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతె గుంపులోంచి తల దూర్చి, ‘కాంటూరు రేఖలు అంకుల్. దగ్గరదగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే చదును’ అంది. వేలు పెట్టి రైలు పట్టాల మీదుగా, పాత గుడి మీదుగా జరుపుకుంటూ వచ్చి మా అపార్ట్‌మెంటు ఉండాల్సిన చోట ఆపింది. అక్కడ అంతా నీలిరంగు. చెరువు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తహసీల్దారు గారు కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

జాంబీల సంగతి ఎలా ఉన్నా, చెరువు మాత్రం తన జాగా కోసం ఏదో ఒక వానాకాలం వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ అలాగే వచ్చింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆ రోజు నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. వాళ్లకు యాప్ లేదు, ఎత్తు ఎక్కడుందో తెలుసు.

ఎత్తు అనగానే గోల్కొండకు పోదామని తీర్మానం వచ్చింది. మంచి ఆలోచనే. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ శిఖరం మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది, సిగ్నలు అక్కర్లేదు. కాని 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోట చివరికి ఎలా పడిందో మీరు చెప్పారు కదా. లంచం మేసిన మనిషి ఒకడు రాత్రిపూట లోపలి నుంచి తలుపు తీశాడు. జాంబీలకు లంచమిచ్చే తెలివి ఉండదని మావాళ్ల ధీమా. మా గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలనే విషయంలో ఏడాదిగా రెండు వర్గాలు మాట్లాడుకోవడం లేదు. కోట తలుపు వీళ్ల చేతికి ఇస్తే ఎనిమిది నెలలు పట్టదు.

ఇంతకీ శత్రువు ఎవరు? ఫ్రెంచి విప్లవం పాఠంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని మాచేత మూడుసార్లు గట్టిగా చెప్పించారు. ఆ మాటలు ఓడెక్కి ఎక్కడిదాకా వెళ్లాయో చెప్పేలోపల గంట కొట్టారు. అవి వెళ్లింది జాంబీ పుట్టింటికే. ఇప్పటి హైతీ అప్పట్లో ఫ్రాన్సు వలస. అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలను చచ్చేదాకా పని చేయించారు. చస్తేనన్నా విముక్తి అనుకునేవాళ్లకు, చచ్చాక కూడా లేపి మళ్లీ తోటకు తోలుతారేమో అనే భయం పట్టుకుంది. ఆ భయానికి పెట్టిన రూపమే జాంబీ. ఆ జాంబీ ఎవరి మెదడూ తినదు. దానికి నిద్ర లేదు, కూలి లేదు, ఎదురు చెప్పదు, యజమాని ఏది చెబితే అది చేసుకుపోతుంది. (ఇది చదివి వినిపించినప్పుడు సాఫ్ట్‌వేర్ సభ్యులు కుర్చీల్లో కొంచెం ఇబ్బందిగా కదిలారు.) 1791లో ఆ బానిసలు తిరగబడి, 1804 జనవరి 1న స్వతంత్ర దేశమయ్యారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, పోగొట్టుకున్న ఆస్తికి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తి లెక్కలో ఆ మనుషులూ ఉన్నారు. అందుకే గేటు దగ్గరికి జాంబీ వస్తే కర్ర తీసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నిన్ను లేపింది ఎవరు, ఎవరి తోటలో పనికి? ఈ ప్రశ్న భౌతికశాస్త్రం అడగదు.

ఇక బియ్యం. ఆహార నిల్వల ఉపసంఘం ప్రతిపాదన ఏమిటంటే, మెయింటెనెన్సు చదరపు అడుగుల లెక్కన కడుతున్నాం కాబట్టి బియ్యం కూడా చదరపు అడుగుల లెక్కనే పంచాలి. న్యాయంగానే వినిపించింది, చప్పట్లు కూడా పడ్డాయి. ఆ లెక్కన పెద్ద ఫ్లాటులో ఉండే ఇద్దరు దంపతులకు ఏడాదికి సరిపడా వస్తుంది. సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం ఐదుగురికి ఏమీ రాదు. ఆ గదికి చదరపు అడుగులే లేవు. ప్లానులో అది పంపు గది.

ఈ ఉపసంఘానికి గురువు దొరకాలంటే ధాత కరువు దాకా వెళ్లాలి. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీలో జనం రాలిపోతుంటే, కరువు పనికి వచ్చే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని బ్రిటిషు ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ దొర తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఖర్చు తగ్గించాలన్నది ఆయన పట్టుదల, తగ్గించాడు కూడా. 1943 బెంగాల్ కరువులో ఇరవై ముప్పై లక్షల మంది పోయారు. ఆ ఏడు తిండిగింజలు 1941లో కన్నా ఎక్కువే ఉన్నాయని అమర్త్య సేన్ తర్వాత లెక్కలు తీసి చూపించారు. గింజలు ఉన్నాయి. కూలీలకు, జాలర్లకు వాటిని కొనే దారి లేకపోయింది. ఇదంతా మీ అర్థశాస్త్రం భాగంలో ఆహార భద్రత పాఠం పక్కనే ఉండాల్సిన సంగతి. మావాళ్లు ఆ పాఠంలోంచి చౌక ధరల దుకాణానికి నిర్వచనం ఒక్కటే బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నారు. జాంబీలు వచ్చిన మూడోరోజున గ్యాసు అయిపోతే కట్టెల పొయ్యి వెలిగించడం వచ్చినదీ, బోరు వాల్వు ఎక్కడుందో తెలిసినదీ ఆ పంపు గదివాళ్లకే అని నేను మినిట్స్‌లో రాశాను. అధ్యక్షులు ఆ వాక్యం కొట్టేశారు.

పౌరశాస్త్రం దగ్గర మాకు అసలు చిక్కు వచ్చింది. జాంబీ చట్టప్రకారం బతికున్నట్టా, చచ్చినట్టా? 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో తెలియజేయాలి. మనిషి సోమవారం పోయి బుధవారం లేచాడనుకోండి. మున్సిపల్ కార్యాలయంలో గుమస్తా మీ దరఖాస్తు చూసి, మీ భుజం మీదుగా అటు చూసి, ‘వెనక నిలబడ్డది ఆయనే కదండీ?’ అంటాడు. ధ్రువపత్రం రాదు, బీమా రాదు. పింఛను మాత్రం ఆగదు. నవంబరులో బ్యాంకుకు వెళ్లి వేలు పెట్టి బతికున్నట్టు నిరూపించుకోవాలి, అంతే కదా. జాంబీ వేలిముద్ర పడుతుంది. మా రెండో అంతస్తు తాతగారిది నిక్షేపంగా బతికుండగానే పడటం లేదు.

దీనికి మన దేశంలో ముందు ఉదాహరణ లేదని అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీని బంధువులు భూమి కోసం రెవెన్యూ రికార్డుల్లో చంపేశారు. 1975 నుంచి 1994 దాకా ఆయన ప్రభుత్వం దృష్టిలో శవమే. పేరు చివర ‘మృతక్’ (చచ్చినవాడు) అని చేర్చుకుని, తనలాంటి వాళ్లతో మృతక్ సంఘం పెట్టి, 1989లో అమేఠీలో రాజీవ్ గాంధీ మీద పోటీ చేశారు. మన గుమస్తాలకు నడిచే శవాలతో వ్యవహరించడం కొత్త కాదు. అమెరికాకు 8888 నంబరు ప్రణాళిక కావాల్సి వచ్చింది. మనకు తాలూకా ఆఫీసు చాలు.

చట్టం గురించి ఇంకొక్క మాట. అంటువ్యాధుల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కాలంలో పుట్టింది. మొదట అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. నాలుగోది, సదుద్దేశంతో పని చేసినవారిపై దావా వేయకూడదని. ఆ ఏడాదే పుణేలో ప్లేగు సోదాల పేరుతో సిపాయిలు ఇళ్లల్లోకి చొరబడితే, ప్లేగు కమిషనర్ రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చి చంపారు. మా భద్రతా ఉపసంఘం ప్రతి ఫ్లాటులోకీ వెళ్లి జ్వరం చూస్తామంటోంది. ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించాల్సింది మీరే.

పొలిమేర కాపలా మనవాళ్లకు వచ్చిన విద్యే. 2020 మార్చిలో ఎన్నో ఊళ్లు దారికి అడ్డంగా ముళ్లకంప వేసుకున్నాయి. కంపకు అవతల నిలబడ్డవాళ్లలో పట్నం నుంచి నడిచొచ్చిన సొంత ఊరివాళ్లు కూడా ఉన్నారు. కంప వేయడం తెలుసు, ఎప్పుడు తీయాలో ఎవరు చెప్పాలి? 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే అదే తీరాన్ని కొట్టింది, చనిపోయినవారు వెయ్యి లోపే. సముద్రం మారలేదు. మధ్యలో హెచ్చరిక వ్యవస్థ, తుపాను షెల్టర్లు, లక్షలమందిని ముందే లారీలు, బస్సులు ఎక్కించే ఏర్పాటు వచ్చాయి. దీనిని సినిమాగా ఎవరూ తీయరు. సకాలంలో బస్సు వచ్చిందనే కథలో హీరో చేయడానికి ఏమీ ఉండదు.

మీ మీద ఫిర్యాదు కూడా ఉంది. దాచుకోను. గోల్కొండ ఏ సంవత్సరంలో పడింది అని పదేళ్లు అడిగారు, ఒక మార్కు. తలుపు ఎందుకు తీశాడని ఒక్కసారీ అడగలేదు. కిందివాటిని జతపరచమన్నారు, ఖాళీలు పూరించమన్నారు, బిట్ల పుస్తకానికి దారి వదిలి మీరు పక్కకు తప్పుకున్నారు. కాంటూరు రేఖలు నేర్పి, మా చెరువు ఎక్కడికి పోయిందో వెతకమనలేదు. అంత సరుకు కడుపులో పెట్టుకుని ఇంత మర్యాదగా ఎలా కూర్చోగలిగారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

అయినా ఆదివారం ఉదయం పది గంటలకు సెల్లారులో జరిగే సమావేశానికి దయచేయండి. వచ్చేటప్పుడు అట్లాసును వెంట తీసుకురండి. దారి ఖర్చులు ఇవ్వలేము. టీ ఉంటుంది, వాచ్‌మన్ ఆ రోజుకు కూడా మాతోనే ఉంటే.

ఇట్లు,
సహాయ కార్యదర్శి,
జాంబీ రక్షణ కమిటీ (తాత్కాలికం)

తా.క.: మీకు కేటాయించిన గంట తనకు ఇచ్చేయమని, సిలబస్ పూర్తి కాలేదని గణితం గారు దారిలో అడ్డుపడతారు. ఈసారికి ఇవ్వకండి.