‘బాబుకా మేడమ్?’

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. రేపటికి కోపం చల్లారితే ఇది రాయను, నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వెళ్ళింది వాల్వ్ ఆయిల్ కోసం. ట్రంపెట్ ఊదేవాళ్ళకు అది లేకపోతే రోజు గడవదు. వేళ్ళతో నొక్కి స్వరం మార్చే పిస్టన్లు సాఫీగా కదలడానికి వేసే నూనె అది. ఉన్నవి మూడే పిస్టన్లు. నాలుగు రోజులుగా నడిమిది నొక్కితే కిందే ఉండిపోతోంది, వేలితో పైకి లాగాల్సి వస్తోంది. షాపులో ఎవరైనా తెలిసినవాళ్ళు చూసి చెబుతారని ట్రంపెట్ కూడా పట్టుకెళ్ళాను. విజయవాడలో పేరున్న వాయిద్యాల షాపే. పేరు రాయను.

కేసు తెరిచాను. కౌంటర్ దగ్గరున్నతను వాయిద్యం వైపు చూసి, నా వైపు చూసి, “బాబుకా మేడమ్?” అన్నాడు. కాదన్నాను. “పాపకా?” కాదు. “అయితే సార్ వాయిస్తారా?”

నాకు. నేను వాయిస్తాను.

అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. ఒకసారి ఊదమన్నాడు. ఏ పిస్టనూ నొక్కకుండా ఊదాను. అతను ఫోన్లో స్వరం ఏదో చూపించే ట్యూనర్ పెట్టి, తల అడ్డంగా ఊపి, “సి రావాలి మేడమ్, బి ఫ్లాట్ వస్తోంది. ఇది పాడైపోయింది, కొత్తది తీసుకోండి” అన్నాడు. సి, బి ఫ్లాట్ అనేవి పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు. బ్యాండుల్లో వాడే మామూలు ట్రంపెట్ బి ఫ్లాట్ వాయిద్యమే! మేము కాగితం మీద సి అని చదివి ఊదేది పియానో మీద బి ఫ్లాట్. బ్యాండు క్లారినెట్టూ అంతే. ఇది ఎనిమిదో తరగతిలో, బ్యాండులో చేరిన మొదటి వారంలోనే మాకు నేర్పారు. నెమ్మదిగా చెప్పాను. చెప్పిందంతా విని అతనన్న మాట ఇది: “ఈసారి సార్‌ని తీసుకురండి మేడమ్, మాట్లాడదాం.”

ఏ సార్‌ని? మా ఆయనకు ట్రంపెట్ ఏ వైపు నుంచి ఊదాలో తెలియదు. ఆయన ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, ఆ మాట చెప్పాలి. కానీ ఆ షాపులో నా కన్నా ఆయన మాటకే విలువ. చేతిలో వాయిద్యం నాది, ఊదిన నోరు నాది, వచ్చిన స్వరం సరైనది. అయినా తప్పు నాదే.

వాల్వ్ ఆయిల్ లేదట. పిల్లల కీబోర్డులు మాత్రం గోడ నిండా ఉన్నాయి.

పోయిన నెల ఒక సంగీతం క్లాసుకు వెళ్ళినప్పుడూ ఇదే జరిగింది. పెద్దవాళ్ళకు బ్యాచ్ ఉంటుందా అని అడిగితే, “లేడీస్‌కి వోకల్ ఉంది, వీణ ఉంది మేడమ్” అన్నారు. నాకు వీణంటే గౌరవం. కానీ నేను అడిగింది వీణ కాదు. ఫారంలో విద్యార్థి పేరు, తరగతి, తండ్రి పేరు అని గళ్ళున్నాయి. నాకు నలభై రెండేళ్ళు. మా నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ గడి ముందు పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూడండి: “ఎవరో పిల్లాడు సాయంత్రం బాకా ఊదుతున్నాడు, పేరెంట్స్ దయచేసి చెప్పుకోండి.” మళ్ళీ పిల్లాడే! నేను ఊదేది సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా. కిటికీలు మూసి, ట్రంపెట్ మూతిలో శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టి, అల్మారా తలుపు తెరిచి చీరల వైపు తిరిగి ఊదుతాను, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయని. చట్టం శబ్దానికి కట్టడి పెట్టే రాత్రివేళ పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. మన వీధిలో డీజే పెట్టినప్పుడు స్టీలు గిన్నెలు స్టాండులో కొట్టుకుంటాయి. పక్క బ్లాకులో ఇంటీరియర్ పని వాళ్ళు నెలన్నర డ్రిల్లింగ్ చేశారు. వాటి మీద గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. నా అరగంట మీద వచ్చింది. “ఊదుతున్నది నేనే, 304” అని పెట్టాను. ఆ తర్వాత ఒక్కరూ మాట్లాడలేదు. లిఫ్టులో మాత్రం చూస్తున్నారు.

ఆ ‘బాకా’ అన్న మాట కూడా నాకు గుచ్చుకుంటుంది. మంచి పాత తెలుగు మాట. దాన్ని మనం ఏం చేశామో చూడండి. పేపర్ తీస్తే ఫలానా నాయకుడికి బాకా ఊదుతున్నారు, ఫలానా ఛానెల్ బాకా ఊదుతోంది. పొగడ్తకీ భజనకీ తప్ప ఆ మాటను వాడడమే మానేశాం. నిజంగా బాకా ఊదడమంటే ఏమిటో తెలుసా? దాదాపు మీటరున్నర పొడవున్న గొట్టాన్ని చుట్టలు చుట్టి చేతిలో పెడతారు. రెండు పెదవులు బిగించి, వాటి మధ్య నుంచి గాలి పంపి, పెదవుల్నే కంపించేలా చేయాలి. పుట్టేది పెదవుల దగ్గరే, గొట్టం దాన్ని పెంచుతుంది. మూడు పిస్టన్లలో రెండోది స్వరాన్ని అర మెట్టు దించుతుంది, మొదటిది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర. మిగతా స్వరాలన్నీ పెదవుల బిగువుతోనే పట్టుకోవాలి. ఒకే పిస్టన్ల మీద నాలుగైదు స్వరాలుంటాయి. ఏది రావాలో ఊదకముందే చెవిలో వినిపించాలి. లేకపోతే పక్క స్వరం పలుకుతుంది, అది వీధి చివరి దాకా వినిపిస్తుంది.

స్కూల్లో ఊది, తర్వాత ఇన్నేళ్ళు మానేసి మళ్ళీ పట్టుకుంటే ఎలా ఉంటుందో అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు, అందుకని నేనే చెబుతాను. వేళ్ళు మర్చిపోలేదు. మొదటి రోజే స్కేలు, అంటే స్వరాల వరుస, వేళ్ళ మీద దానంతట అది నడిచింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ పెదవి పోయింది. నోటి చుట్టూ ఉండే కండరం వాడకపోతే కరిగిపోతుంది. మూడు నిమిషాలకే మూతి వణికి, గాలి పక్కల నుంచి పోయింది. పై స్వరం కోసం నోటికి ఆనించే మౌత్‌పీస్‌ని పెదవికి అదిమితే కాసేపు వస్తుంది, కానీ పెదవిలో రక్తం ఆడదు, మర్నాడు అసలుకే మోసం. ఎంతసేపు ఊదితే అంతసేపు పెదవికి విశ్రాంతి ఇవ్వాలి. కింది స్వరాలు పొడవుగా, సన్నగా, కదలకుండా పట్టాలి. రోజూ అదే. ఐదు వారాలుగా నేను చేస్తున్నది అదే. మొదటి వారం కింది జి స్వరం ఆరు సెకన్లు నిలబడేది. నిన్న పద్దెనిమిది. ఇంట్లో వంట చేసి, ఆఫీసు పని చేసి, అమ్మాయి లెక్కలు చూసి సంపాదించుకున్న సెకన్లు అవి. “బాబుకా?” అంటే నాకెందుకు మండిందో ఇప్పుడైనా అర్థమైందా?

మా ఆఫీసులో నలభై ఐదేళ్ళ ఆయన మళ్ళీ క్రికెట్ మొదలుపెట్టాడు. పదిహేను వేలు పెట్టి బ్యాట్ కొన్నాడు. అందరూ భుజం తట్టారు. ఆ షాపులో ఆయన్ని “బాబుకా సార్?” అని ఎవరూ అడగలేదు. నేను ట్రంపెట్ అనగానే “స్ట్రెస్ రిలీఫ్‌కా?” అన్నారు. “థైరాయిడ్‌కి మంచిదా?” అని కూడా ఒకావిడ అడిగింది. ఆడది ఏదైనా చేస్తే దానికి జబ్బో, బిడ్డో, మొగుడో కారణంగా ఉండాలి. నాకు ఆ శబ్దం కావాలి. అంతే కారణం.

అసలు నేను మానింది ఎందుకో ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఈ రోజు రాస్తాను.

గుంటూరులో మాది ఆడపిల్లల స్కూలు. బ్యాండు ఉండేది, అందరం అమ్మాయిలమే. సైడ్ డ్రమ్ములు, బేస్ డ్రమ్, రెండు క్లారినెట్లు, మూడు ట్రంపెట్లు. వాయిద్యాలు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి వచ్చినవి, ఇప్పటికీ దేశంలో సగం బ్యాండ్లకు అక్కడి జలీ కోఠీ గల్లీల్లో చేసినవే దిక్కు అంటారు. నేను ఫస్ట్ ట్రంపెట్. ఆగస్టు 15కి, జనవరి 26కి జెండా ఎగరగానే జాతీయగీతం మాదే. 52 సెకన్లు. మాస్టారు వాచీ చూసుకుంటూ ఎదురుగా నిలబడేవారు. చివర ‘జయహే’ల దగ్గర పై స్వరం అందుకోవాలి, అప్పటికే పెదవి అలసిపోయి ఉంటుంది. 1998 జనవరిలో నేను దాన్ని వెంట్రుకవాసి కూడా చెదరకుండా పట్టాను. గ్రౌండంతా నిశ్శబ్దం. ఆ శబ్దం నా నుంచి వచ్చిందని నాకే నమ్మకం కుదరలేదు.

రెండు నెలలకు టెన్త్ పరీక్షలు. వేసవిలో మా మేనత్త వచ్చింది. నా పై పెదవి మీద మౌత్‌పీస్ ముద్ర గుండ్రంగా కనిపించింది. ఊదాక ఉంటుంది, కాసేపటికి పోతుంది. అత్త నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, “వదినా, దీని పెదవులు చూశావా? బుగ్గలు కూడా సాగుతాయి. రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు? అయినా పెళ్ళిళ్ళలో బాజా ఊదేవాళ్ళ పని మనకెందుకు?” అంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంతోనే నా ట్రంపెట్ అయిపోయింది. అదే వేసవిలో తమ్ముడికి క్రికెట్ కిట్ కొన్నారు.

సరిగ్గా ఊదితే బుగ్గలు ఉబ్బవు. పెదవులు పాడవవు. నాదస్వరం ఊది పద్మశ్రీ అందుకున్న కాలీషాబీ గారు మన పల్నాడు, ప్రకాశం వైపు నాదస్వర సంప్రదాయం నుంచి వచ్చిన స్త్రీ. నాదస్వరానికి ట్రంపెట్ కన్నా తక్కువ ఊపిరి పడుతుందా? ఇంగ్లాండులో ఆలిసన్ బాల్సమ్ అనే ఆవిడ ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడి ట్రంపెట్ వాయించింది. పదిహేనేళ్ళప్పుడు నాకు ఈ పేర్లు తెలియవు. తెలిసినా అత్త ముందు పలికే ధైర్యం ఉండేది కాదు.

ఇంకోటి. ‘బాజా ఊదేవాళ్ళ పని’ అన్న మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. నా పెళ్ళిలో అర్థమైంది. పీటల మీద తల వంచుకుని కూర్చున్నాను, బ్యాండు మేళం తలంబ్రాల దగ్గర ఊదుతోంది. ట్రంపెట్ పట్టుకున్న పెద్దాయన పొద్దుటి నుంచి ఎండలో ఊరేగింపుతో నడిచి వచ్చాడు. పెదవి పోయిందని వినగానే తెలిసింది. పై స్వరం వచ్చిన ప్రతిసారీ పక్కకు జారుతోంది. ఇటివ్వండి, ఈ ఒక్క పాటా నేను ఊదుతాను, మీరు కూర్చోండి అనాలనిపించింది. వాళ్ళకు అన్నం పెట్టింది మధ్యాహ్నం మూడున్నరకు, అందరూ తిన్నాక, షామియానా వెనక. అది మా పెళ్ళే, ఆ వడ్డన మా వాళ్ళదే. ఊపిరితో బతికేవాళ్ళను ఆకలితో కూర్చోబెట్టాం. పందిట్లో వాళ్ళ శబ్దం కావాలి, పంక్తిలో వాళ్ళు వద్దు. ఆ వాయిద్యానికి మనం ఇచ్చిన స్థానం అది, అందుకే ఇంటి ఆడపిల్ల చేతిలో అది మనకు చూడబుద్ధి కాదు. ఈ మాట మా బంధువుల్లో కొందరికి నచ్చదు. నచ్చకపోయినా రాస్తున్నాను.

ఇప్పుడు నా దగ్గరున్న ట్రంపెట్ ఒక రిటైరైన బ్యాండు మాస్టారి దగ్గర కొన్నాను. ఇదీ మీరట్‌దే. షాపు నుంచి తిన్నగా ఆయన ఇంటికే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. పిస్టన్ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తన సీసాలోంచి నాలుగు చుక్కలు ఆయిల్ వేసి, తిరిగి బిగించి, పది సార్లు నొక్కి చూశారు. సీసా నా చేతిలోనే పెట్టారు. డబ్బులు తీసుకోలేదు. “బి ఫ్లాట్ వస్తోందని పాడైందన్నారు మాస్టారూ” అంటే చాలాసేపు నవ్వారు. తర్వాత ఆయన అడిగింది ఒకటే.

“పెదవి ఎంతసేపు నిలుస్తోందమ్మా?”

ఎవరి కోసం అని అడగలేదు. ముప్పై సెకన్ల పాటకు సరిపోతుందన్నాను. “కంగారు పడకు. పై స్వరాల జోలికి ఇప్పుడే పోవద్దు” అన్నారు.

మా అపార్ట్‌మెంట్లో జనవరి 26కి జెండా ఎగరేసి, స్పీకర్‌కి ఫోన్ తగిలించి జాతీయగీతం పెడతారు. పోయినసారి మధ్యలో యాడ్ వచ్చింది. ఈసారి నేను ఊదుతాను. అసోసియేషన్ వాళ్ళకు మెసేజ్ పెట్టేశాను, ఇంకా జవాబు రాలేదు. 52 సెకన్లకు ఇంకా 22 కావాలి. స్కూల్లోనో, ఎన్‌సీసీలోనో, చర్చిలోనో ఒకప్పుడు ఊది, ఇప్పుడు వాయిద్యం అటక మీద పెట్టేసినవాళ్ళు విజయవాడలో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి. సెకండ్ ట్రంపెట్ ఖాళీగా ఉంది. ఆయిల్ నా దగ్గరుంది.