పుర్రె అడుగున గడ్డ అంటే ముందు రక్తం చూడాలి

నిరుడు ఎండాకాలంలో, అనంతపురంలోని మా ఇంట్లో, పెద్దనాన్న మజ్జిగ గ్లాసు అందుకోబోయి దాని పక్కనున్న ఖాళీ చోటును పట్టుకున్నారు. అరచేత్తో ఒక కన్ను మూసుకుంటే గ్లాసు ఒకటే ఉందని, రెండు కళ్ళూ తెరిస్తే రెండు కనిపిస్తున్నాయని అన్నారు. చూస్తే ఎడమ కన్ను చెవి వైపు తిరగడం లేదు. కళ్ళద్దాలు రెండు సార్లు మార్చారు. షుగర్ వల్ల నరం దెబ్బతిందని, అదే సర్దుకుంటుందని చెప్పి పంపారు. తలనొప్పి తట్టుకోలేక ఎమ్మారై తీయిస్తే, ముక్కుకు బాగా వెనక, పుర్రె అడుగున ఉండే క్లైవస్ ఎముకలో గడ్డ బయటపడింది. కంటిని పక్కకు తిప్పే ఆరవ నరం ఆ ఎముకను ఆనుకునే పోతుంది.

ఒక ఆసుపత్రిలో ఆ ఫిల్ము చూసి, ఇది కార్డోమా (పుర్రె అడుగున, వెన్నెముకలో పుట్టే అరుదైన క్యాన్సర్), పెద్ద ఆపరేషన్ తప్పదు, డబ్బు చూసుకోండి అన్నారు. మేము పొలం కాగితాలు బయటికి తీశాము. ఇంకొక వైద్యురాలు మాత్రం సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష రాశారు. అందులో ఎం బ్యాండ్ కనబడింది; యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు అదుపుతప్పి పెరిగితే రక్తంలో పోగయ్యే ఒకే రకం ప్రొటీన్ గుర్తు అది. ముక్కులోంచి ఎండోస్కోపుతో తీసిన చిన్న ముక్కలో ఉన్నవన్నీ ప్లాస్మా కణాలే. ఎముక మూలుగలో అవి 10 శాతానికి లోపే ఉండటంతో, ఒళ్ళంతా తీసిన స్కానులో మరో గడ్డ లేకపోవడంతో, ఇది ఒంటరి ప్లాస్మసైటోమా, అంటే ప్లాస్మా కణాలు ఒక్కచోటే కట్టిన గడ్డ, అని తేలింది.

అరుదైన జబ్బు అందరికీ తట్టాలని నేను అనను. కానీ ఎమ్మారైలో ఒకేలా కనిపించగల ఈ రెండు గడ్డలకు వైద్యం పూర్తిగా వేరు: కార్డోమాకు ఆపరేషనే ప్రధానం, ప్లాస్మసైటోమా రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. పెద్దనాన్నకు 25 విడతల్లో 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారు. అలాంటప్పుడు బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) కూడా చేయకుండా కోతకు ముహూర్తం పెట్టడం నా దృష్టిలో క్షమించరాని తొందరపాటు. రక్తంలో ఏమీ కనబడని రోగులూ ఉంటారు గనుక, ముక్క పరీక్ష ఎలాగూ మానకూడదు.

ఈ ఎలక్ట్రోఫోరెసిస్ జిల్లా ఆసుపత్రుల్లోనే జరగాలని గట్టిగా అడుగుతున్నాను, ఎందుకంటే రేడియేషన్‌తో కథ ముగియదు. ఎముకలో ఇలాంటి గడ్డ వచ్చినవారిలో దాదాపు సగం మందికి పదేళ్ళలోపు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మూలుగలో పాకే ప్లాస్మా కణాల క్యాన్సర్, వస్తుంది. కన్ను ఇప్పుడు చాలావరకు తిరుగుతోంది గానీ, మూడు నెలలకోసారి ఈ ఒక్క పరీక్ష కోసం పెద్దనాన్నను ఇప్పటికీ రాత్రి బస్సులో బెంగళూరుకు తీసుకుపోతున్నాము.