పాత్ర పొట్ట మీది డాలు

(లండన్‌లో పాత వెండి సామాను అమ్మే దుకాణం. బల్ల మీద అంచంతా గాట్లున్న పెద్ద వెండి పాత్ర. మాంటీత్ అంటారు. గ్లాసుల పాదాలను ఆ గాట్లకు తగిలించి, చన్నీళ్లలోకి తలకిందులుగా వేలాడదీసి చల్లబరిచేవారు. చూస్తున్నది వెండి వ్యాపారం మానేసిన మామయ్య, ఆయన మేనకోడలు.)

మామయ్య: ఈ ధర వెండికి కాదమ్మా, పొట్ట మీద చెక్కిన ఆ వంశచిహ్నం డాలుకు. ఎవరో ప్రభువు డాంబికానికి మనమెందుకు మజూరీ కట్టాలి?

మేనకోడలు: ఆ డాలే కదా ఇది ఎవరి ఇంటిదో చెప్పేది!

మామయ్య: చెప్పేవి ముద్రలు. ఇదిగో, కూర్చున్న స్త్రీమూర్తి, బ్రిటన్ దేశానికి ప్రతీక బ్రిటానియా. జనం నాణేలు కరిగించి పాత్రలు చేయించుకుంటున్నారని 1697లో చట్టం తెచ్చారు. నాణెం వెండి 92.5 శాతమే కాబట్టి, పాత్ర వెండి 95.84 శాతం ఉండి తీరాలన్నారు; ఆ వెండికే ఈ ముద్ర. 1720 దాకా అదే నియమం. చేసినవాడెవరో, ఏ ఏట చేశాడో పక్క ముద్రల్లో ఉంది. ఇంకేమి కావాలి?

మేనకోడలు: చేసినవాడి సంగతి సరే, వాడుకున్నవాళ్ల సంగతో? ఈ డాలు నిలువునా రెండుగా చీలి ఉంది చూడండి. మనకు ఎడమవైపు భర్త వంశం, కుడివైపు భార్య పుట్టిల్లు. భార్య డాలు చిన్నదై నడిమధ్యలో కూర్చుంటే, ఆమె పుట్టింటికి మగ వారసులు లేరని అర్థం. డాలు బదులు కోణం మీద నిలబడిన నలుపలకల గడి ఉంటే ఆ సొత్తు వితంతువుదో, పెళ్లికానిదానిదో. వెండి మీద రంగులుండవు కాబట్టి చుక్కలు పెడితే బంగారం, నిలువుగీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం. పెళ్లి, పుట్టిల్లు, వారసత్వం అన్నీ అరచేయంత చోటులో! మీ ముద్రల్లో ఒక్క ఆడమనిషైనా ఉందా?

మామయ్య: బ్రిటానియా ఉందిగా. (నవ్వి) సరే, ఇక్కడ బొటనవేలితో నొక్కు. రేకు పలచబడింది. ఊది చూడు, ఆవిరిలో పాతగీతల నీడ. మొదటివాడి డాలు గీకేసి, కొన్నవాడు తనది చెక్కించుకున్నాడు. నువ్వు చదివిన పెళ్లి రెండోవాడిది! అసలు వాళ్లకే లేదు ఈ పట్టింపు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఆక్స్‌ఫర్డ్ కళాశాలల వెండి రాజుగారి నాణేలైంది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1689లో తన వెర్సాయ్ కోటలోని వెండి సామానే కరిగించాడు.

మేనకోడలు: (కాసేపు మాట్లాడలేదు) అందుకేనా అమ్మమ్మ చెంబు కూడా కరిగించారు? ఆవిడ పేరు చెక్కిన చెంబు!

మామయ్య: ఆ ఊసు ఇక్కడెందుకు?

మేనకోడలు: ఎందుకంటే ఆవిడ పేరు ఇంకెక్కడా చెక్కి లేదు.

మామయ్య: నీ పెళ్లి పట్టీలకు వెండి ఎక్కడిదనుకున్నావు? తరుగు కూడా నేనే భరించాను.

మేనకోడలు: నన్నడిగితే పట్టీలు వద్దనేదాన్ని.

మామయ్య: అప్పుడు అడిగే అలవాటు లేదు.

(దుకాణదారు భూతద్దం అందించాడు. మామయ్య పాత్ర మీద మళ్లీ ఊదాడు.)

మేనకోడలు: ఎలా ఉండేది ఆ పేరు?

మామయ్య: ఒక ఒత్తు తప్పు పడింది. మీ తాతయ్య కంసాలితో పోట్లాడాడు. అమ్మే, ఉండనివ్వండి, నేనేనని తెలుస్తుందిగా అంది.