రోమ్ బాకీ తీర్చడానికి ఒక్కడినే వెళ్తున్నాను

దేశాల మధ్య పాత బాకీలు తీరవు. ఎందుకంటే తీర్చే పని ఎవరూ నెత్తిన వేసుకోరు. అందుకని ఈ ఏడాది నేను వేసుకున్నాను. అక్టోబరులో పది రోజులు సెలవు పెట్టి, ఒక్కడినే, సొంత ఖర్చుతో రోమ్ వెళ్తున్నాను. ఇంట్లోవాళ్లు దీన్ని టూర్ అంటున్నారు. నేను మాత్రం వాయిదా చెల్లింపు అంటాను.

సంగతేమిటంటే, క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి లెక్క కట్టి మరీ వాపోయాడు. భారతదేశం ఏటా తక్కువలో తక్కువ 5 కోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్ము లాగేస్తోందట. బదులుగా ఇక్కడి నుంచి పంపిన సరుకు రోమ్‌లో వంద రెట్ల ధరకు అమ్ముడుపోతోందట. ఆయనకన్నా ముందే టైబీరియస్ చక్రవర్తి, ఆడవాళ్ల నగల కోసం తమ డబ్బంతా పరాయి దేశాల పాలవుతోందని సెనేట్‌కు ఉత్తరం రాసి గోడు వెళ్లబోసుకున్నాడు. ఆ డబ్బు ఎటు పోయిందో పాపం అప్పట్లో వాళ్లకు తేలలేదు. తర్వాత తేలింది. మా నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం మీద బొమ్మ ఎవరిదనుకున్నారు? ఆ టైబీరియస్‌దే.

అంటే సొత్తుతో సహా దొరికిపోయాం. ఇంక బుకాయించి లాభం లేదు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. రోమ్‌కు పోయిన సరుకులో సన్నబట్టలూ ఉన్నాయి, ఆ వ్యవహారంలో మా జిల్లాకు సంబంధం లేదు. అవి బందరు వైపు తీరంలో, ఆనాటి గ్రీకు నావికులు మసాలియా అని రాసుకున్న ప్రాంతంలో తయారయ్యేవి. 2014లో రాష్ట్రాన్ని విడదీసినప్పుడు అప్పులను జనాభా లెక్కన 58.32 శాతం, 41.68 శాతం పంచారు కదా, ఆ పంపకంలో ఈ బాకీ ఊసే లేదు. ఢిల్లీలో అన్ని సమావేశాలు జరిగాయి, ఇన్ని ఫైళ్లు కదిలాయి, ఒక్క అధికారీ నోరు మెదపలేదు. ఆంధ్ర సోదరులు తమ వాటా తెచ్చేదాకా ఆగుదామంటే నా సెలవులు మురిగిపోతాయి. కాబట్టి ప్రస్తుతానికి మొత్తం నేనే భరిస్తున్నాను. తర్వాత చూసుకుందాం.

బాకీ ఇవ్వడానికి వస్తున్న మనిషికి ఎవరైనా ఎదురొచ్చి కుర్చీ వేస్తారు. ఇక్కడ అలా కాదు. వస్తానని వీసా అడగడానికే 90 యూరోలు కట్టాలి. రావద్దన్నా అవి వెనక్కి రావు. ఆనాటి వర్తకులు నైరుతి గాలి చూసుకుని ఓడ ఎక్కేవాళ్లు, ఈశాన్య గాలికి తిరిగి పోయేవాళ్లు. వాళ్లను మన రేవుల్లో ఎవరైనా బ్యాంకు స్టేట్‌మెంటు అడిగారా? ఆఫీసు నుంచి సెలవు లెటర్ తెమ్మన్నారా? నన్ను అడిగారు. పైగా కనీసం 30 వేల యూరోలకు ఇన్సూరెన్స్ ఉండాలన్నారు. అక్కడ జబ్బు చేస్తే వైద్యానికీ, ప్రాణమే పోతే శవాన్ని ఇంటికి పంపడానికీ. వాయిదా మధ్యలో మనిషి పోయినా రోమ్‌కు నష్టం రాకూడదన్న ముందుచూపు.

ఒంటరివాడంటే అందరికీ అనుమానమే. కాగితాలు సర్దిపెట్టిన ఏజెంటు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. పెళ్లి కాలేదు, పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు. నువ్వు తిరిగొస్తావని వాళ్లకు నమ్మకం ఏముంటుందన్నాడు. కారు మీద ఇంకా నాలుగేళ్ల ఈఎమ్ఐ ఉందని చెప్పాను. ఆయన ముఖం వికసించింది. "మరి ఆ మాట ముందే చెప్పాలి కదా సార్!" అన్నాడు. ఒక బాకీ తీర్చడానికి వెళ్లే అర్హత ఇంకో బాకీ వల్ల వచ్చింది.

ఇంట్లో విచారణ ఇంకా కఠినంగా జరిగింది. "ఒక్కనివే పోతవా? తోడు ఎవరూ లేరా బిడ్డా?" అని అమ్మ. ఆమె కళ్లలో ఒంటరి ప్రయాణం అంటే సన్యాసమైనా కావాలి, అలకైనా కావాలి. చిన్నాయిన ఊరుకోలేదు. ఆయన తోడల్లుడి కొడుకు జర్మనీలో ఉంటాడట. "పక్కనే కదరా, స్టేషన్‌కు వస్తడు తీ" అన్నాడు. మన కుటుంబాలకు యూరప్ అంటే ఒకే కాలనీ. మధ్యలో ఆల్ప్స్ పర్వతాలు ఉన్నాయని చెప్పాను గానీ, చుట్టరికం ముందు పర్వతాలు ఏపాటివి.

ఇక రోమ్‌లో వసూళ్ల సంగతి. హోటల్‌లో గది అద్దె కాక తలపన్ను వేరే. తలకు ఇంత, రాత్రికి ఇంత. అది పోనీ అనుకుంటే గదులన్నీ ఇద్దరి కొలతలోనే ఉంటాయి. ఒక్కడు పడుకున్నా అద్దెలో పెద్ద తేడా ఉండదు. ఖాళీగా ఉండే ఆ రెండో దిండుకు పది రోజుల్లో నేను కట్టబోయేది లెక్కవేసి ఒకరోజు అన్నం సరిగా తినలేకపోయాను.

చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, రోమ్‌లో అసలు ఖరీదైనది కూర్చోవడం. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, అదే కప్పు బల్ల దగ్గర కూర్చుని తాగితే ఇంకో ధర. పేరున్న కూడళ్లలో అయితే కాఫీ కన్నా కుర్చీకే ఎక్కువ పడుతుంది. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ చెప్పి రెండు గంటలు ప్రపంచ రాజకీయాలు తేల్చిన జాతి మనది. దీన్ని ఎలా తట్టుకోవాలి? సరే, డబ్బులు లేవు, మెట్ల మీద కూర్చుందామంటే అదీ లేదు. స్పానిష్ మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నేరం. 250 యూరోల నుంచి 400 దాకా జరిమానా. మెట్లు కట్టింది దేనికని అడిగితే ఎక్కడానికీ దిగడానికీ అంటారు కాబోలు. వరంగల్ వేయిస్తంభాల గుడి అరుగు మీద కునుకు తీసిన నడుము నాది. అందుకే నెల నుంచి రోజూ సాయంత్రం గంటన్నర నిలబడి ప్రాక్టీస్ చేస్తున్నాను. పక్కింటివాళ్లు ఎవరికోసమో చూస్తున్నాననుకుంటున్నారు.

పాతకాలపు పోటీల మైదానం కొలోసియంకు టికెట్ 18 యూరోలు. క్రీ.శ. 80లో తలుపులు తెరిచినప్పుడు జనానికి ఉచితం. అప్పుడు సింహాలు కూడా ఉండేవి. ఇప్పుడు టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తెలుగువాడి శాశ్వత సమస్య మీద నేను ఒక పూట గడిపాను. పాంథియాన్ అనే పురాతన గుడికి 2023లో 5 యూరోల టికెట్ పెట్టారు. దాని గొప్పంతా కప్పు నడినెత్తిన తొమ్మిది మీటర్ల వెడల్పున్న చిల్లు. వాన పడితే నేరుగా లోపలికే. మా నాయనమ్మ ఇంటి కప్పుకు అంతకన్నా చిన్న చిల్లు ఉన్నందుకు ముప్పై ఏళ్లు మాటలు పడ్డాం.

టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరు మోసింది. దాన్ని అనధికార వసూలు పద్దు కింద రాసుకున్నాను. జంటగా వెళ్తే ఒకరి జేబు ఇంకొకరు చూసుకోవచ్చు. నాకు ఆ సదుపాయం లేదు. ఇంతా చేసి ఆ ఊళ్లో పైసా అడగకుండా ఇచ్చేది నీళ్లే. వీధుల్లో సుమారు 2,500 ఇనుప కుళాయిలు రాత్రీపగలూ పారుతూనే ఉంటాయి. కింద గొట్టాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి ధార లేస్తుంది, వంగకుండా తాగొచ్చు. ప్లినీ చూడలేదు గానీ, చూస్తే మీటరు పెట్టించేవాడు.

ఆఖరి వాయిదా ట్రెవీ ఫౌంటెన్ దగ్గర. నీళ్లకు వీపు పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం విసిరితే మళ్లీ రోమ్ వస్తారని నమ్మకం. ఏడాదికి అలా పోగయ్యేది పది లక్షల యూరోలు దాటుతుంది. కారితాస్ అనే క్యాథలిక్ సేవాసంస్థ ద్వారా అది పేదలకు చేరుతుంది. దానికి నాకే అభ్యంతరమూ లేదు. నా చిక్కు వేరు. వీసా ఆఫీసులోనేమో తప్పకుండా ఇండియాకు తిరిగొచ్చేస్తానని కట్టెడు కాగితాలతో రుజువు చేసుకున్నాను. ఇక్కడేమో మళ్లీ రోమ్‌కే వస్తానని మొక్కుకోవాలి. రెండు చోట్లా డబ్బు కట్టేది నేనే.

ఈ సంగతి అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి దేవుడి పటం ముందు పెట్టి వచ్చింది. కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే యాదగిరి నరసింహస్వామి హుండీలో వేస్తానని ముడుపు. తిరిగొస్తాననడానికి ఇంతకన్నా గట్టి రుజువు ఉండదు. వీసా ఫారంలోనే దానికి గడి లేదు.

"ఆడ ఆ నీళ్లల్ల పైస వేసినవనుకో, ఇది చెల్లది బిడ్డా" అంది.

బడ్జెట్‌లో ఆ పద్దు కొట్టేశాను. ఒక యూరో మిగిలింది. నిలబడి తాగే కాఫీకి ఇంకా ఇరవై సెంట్లు తక్కువ.