కొలవకుండా క్లీన్ గ్యాస్ అనొద్దు

మన సముద్రంలో దొరికే గ్యాస్ స్వచ్ఛమైన ఇంధనమని ఎవరు చెప్పినా నేను అడిగేవి రెండే. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్ దగ్గర ఎంత గ్యాస్ గాల్లో కలుస్తోంది? ఆ లెక్క ఎవరు, ఏ మీటరు పెట్టి కొలిచారు? మొదటి ప్రశ్నకు ఏదో ఒక అంకె చెబుతారు. రెండో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి మాట మారుస్తారు. చాలాకాలంగా ఇది మనసులో ఉంది, ఈరోజు రాసేస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమ. చాలా ఏళ్ళు వేరే దేశాల్లో సముద్రం మధ్య ప్లాట్‌ఫామ్‌ల మీద ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేశాను. గ్యాస్ తీయడమే తప్పు అనేవాణ్ణి కాదు. ఆ జీతంతోనే మా ఇంట్లో పిల్లల చదువులు నడిచాయి. ఆ పని లోపలినుంచి చూసినవాణ్ణి కాబట్టే, బయటికి చెప్పే లెక్కలు ఎలా తయారవుతాయో తెలిసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు అసలు విషయం. కరెంటు కోసం బొగ్గుకు బదులు గ్యాస్ కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఇది నిజం, ఇందులో వాదన లేదు. అయితే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. అది కాలకుండా నేరుగా గాల్లోకి పోతే, 20 ఏళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ చెప్పిన అంకె ఇది. బావి నుంచి పవర్ ప్లాంటుకు చేరేలోపు మూడు శాతం పైచిలుకు లీకైతే చాలు, బొగ్గు మానేసి గ్యాస్‌కు మారినందుకు వచ్చే లాభం మొదటి ఏళ్ళలో మిగలదని 2012లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే గ్యాస్ మంచిదా చెడ్డదా అనే వాదన మొత్తం ఆ లీకు మీదే నిలబడి ఉంది. సరిగ్గా ఆ లీకునే మనం కొలవడం లేదు.

లీకు అనగానే పైపు పగిలి భుస్సుమని గ్యాస్ ఎగజిమ్మడం గుర్తొస్తుంది చాలామందికి. ప్లాట్‌ఫామ్ మీద సంగతి వేరు. కరెంటు సరిగా లేని చిన్న, పాత ప్లాట్‌ఫామ్‌ల మీద వాల్వులు తెరవడానికి, మూయడానికి కంప్రెసర్ గాలికి బదులు బావి గ్యాస్‌నే వాడతారు. గ్యాస్‌నూ నీటినీ వేరుచేసే సెపరేటర్‌లో నీటిమట్టం పెరిగినప్పుడల్లా కంట్రోలర్ వాల్వును తెరుస్తుంది. పని కాగానే ఆ కాస్త గ్యాస్‌ను టుస్సుమని బయటికి వదిలేస్తుంది. ఆ పరికరాన్ని తయారుచేసిందే అలా. రాత్రీ పగలూ అదే పని. గ్లైకాల్ అనే ద్రవంతో గ్యాస్‌లో తేమ తీసేసే యూనిట్ ఉంటుంది, ఆ గ్లైకాల్‌ను మళ్ళీ వేడిచేసినప్పుడు నీటి ఆవిరితో పాటు మీథేన్, బెంజీన్ కూడా బయటికొస్తాయి. కంప్రెసర్ సీళ్ళ దగ్గర కొంత పోతుంది. ఇవన్నీ రోజూ జరిగేవే, ప్రమాదాల కింద లెక్కకు రావు.

నేను పనిచేసిన ఒక పాత ప్లాట్‌ఫామ్ మీదికి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పట్టుకుని ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చారు. మామూలుగా చూస్తే ఆ డెక్కు అంతా శుభ్రంగా ఉంది. మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఆ కెమెరా స్క్రీన్‌లో మాత్రం మోకాలెత్తులో ఉన్న ఒక వాల్వు కాడ (స్టెమ్) దగ్గర నుంచి నల్లటి పొగ తీగలా పైకి లేచి, గాలికి వంగి, రెయిలింగ్ దాటి సముద్రం మీదికి పోతోంది. అందరం వంతులవారీగా చూశాం. ఒకతను స్పానర్ తీసుకుని ఆ కాడ చుట్టూ ఉండే గ్లాండ్ నట్లు రెండూ సమానంగా బిగించాడు. స్క్రీన్‌లో పొగ సన్నబడి ఆగిపోయింది. ఐదు నిమిషాల పని, ఖర్చు సున్నా. ఆ కెమెరా రాకపోతే ఆ లీకు ఇంకెన్నాళ్ళు ఉండేదో!

ఇప్పుడు లెక్కల సంగతికి వస్తాను. ఏటేటా రిపోర్టుల్లో మీథేన్ అంకె ఎలా వస్తుందనుకుంటున్నారు? చాలాచోట్ల ఎవరూ కొలవరు. ప్లాట్‌ఫామ్ మీద వాల్వులు ఇన్ని, పైపులు కలిపే ఫ్లాంజీలు ఇన్ని, కంప్రెసర్లు ఇన్ని అని జాబితా రాస్తారు. ఒక్కో వాల్వు సగటున ఇంత లీకవుతుందని ఎప్పుడో, ఎక్కడో కట్టిన అంకె ఒకటి ఉంటుంది. రెండూ గుణిస్తే టన్నులు వచ్చేస్తాయి. నేను చెప్పిన ఆ వాల్వు నట్లు బిగించకముందు, బిగించిన తర్వాత ఈ పద్ధతిలో అంకె ఒకటే. బాగా చూసుకునే కంపెనీకీ గాలికొదిలేసిన కంపెనీకీ ఒకే మార్కులు పడే పరీక్ష ఇది.

మిగులు గ్యాస్‌ను గొట్టం చివర మండించే ఫ్లేర్ సంగతి కూడా అంతే. ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా వేటకెళ్ళేవాళ్ళకు సముద్రం మీద రాత్రిపూట వెలిగే ఆ మంట తెలుసు. మా ఊరి పెద్దాయన ఒకాయన, "ఆ ఎలుగు కనపడితే సాలు బాబూ, ఎటు పోవాలో తెలిసిపోద్ది" అనేవాడు. నిజానికి వెలుగుతున్న ఫ్లేర్ కన్నా ఆరిపోయిన ఫ్లేర్‌కే భయపడాలి. మంట ఉంటే మీథేన్‌లో ఎక్కువ భాగం కాలిపోతుంది. ఫ్లేర్‌ను అంటించి ఉంచే చిన్న పైలట్ మంట గాలికి ఆరిపోతే అదే గొట్టంలోంచి ముడి గ్యాస్ అలాగే పైకి పోతుంది, ఒడ్డున ఉన్నవాడికి ఏమీ కనపడదు. లెక్కల్లో మాత్రం ఫ్లేర్ 98 శాతం గ్యాస్‌ను కాల్చేస్తుందని ముందే రాసుకుంటారు. 2022లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో మూడు పెద్ద చమురు క్షేత్రాల మీద విమానంలో తిరుగుతూ ఫ్లేర్లను కొలిచారు. ఆరిపోయినవాటినీ, సరిగా మండనివాటినీ కలుపుకుంటే నాశనమవుతున్న మీథేన్ 91 శాతమే. ఏడు శాతమే కదా తేడా అనిపిస్తుంది. కాలకుండా పోయేది 2 నుంచి 9కి పెరిగింది, అంటే నాలుగు రెట్లకు పైగా. అవి నేలమీద ఉన్నవి, మనిషి నడిచి వెళ్ళి చూడగలిగినవి. సముద్రం మధ్యలో మనుషులే ఉండని ప్లాట్‌ఫామ్ మీద ఫ్లేర్ ఆరితే ఎవరు చూస్తారు?

బ్రిటన్‌ను చూడండి. నార్త్ సీలో యాభై ఏళ్ళుగా గ్యాస్ తీస్తున్న దేశం, నిబంధనలు గట్టివే. 2023లో ప్రిన్స్‌టన్ వాళ్ళ అధ్యయనం అక్కడి చమురు, గ్యాస్ ఉత్పత్తి నుంచి పోయే మీథేన్ అధికారిక లెక్కకన్నా ఐదు రెట్లు ఉండొచ్చని తేల్చింది. మెక్సికో సంగతి ఇంకా ఘోరం. 2021 డిసెంబరులో కాంపెచే తీరం దగ్గర ప్రభుత్వ చమురు కంపెనీ పెమెక్స్ ప్లాట్‌ఫామ్ ఒకటి 17 రోజుల్లో సుమారు 40,000 టన్నుల మీథేన్ వదిలిందని స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టారు. ఫ్లేర్ వెలగలేదు, గ్యాస్ అలాగే పోయింది. పెమెక్స్ ఆ అంకెను ఒప్పుకోలేదు. ఆ గొట్టం దగ్గర నమ్మదగ్గ మీటరు ఉండి, దాని రీడింగులు జనం ముందు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఉపగ్రహాలు ఉన్నాయిగా, అవే పట్టేస్తాయి అనేవాళ్ళున్నారు. నేలమీద లీకులనైతే పట్టేస్తాయి. సముద్రం మీద కష్టం. మీథేన్‌ను గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నీళ్ళు మింగేస్తాయి, ఉపగ్రహానికి సముద్రం చీకటిగా కనిపిస్తుంది. సూర్యకాంతి అలల మీద పడి నేరుగా కెమెరా వైపు తిరిగే కోణం దొరికితేనే పని జరుగుతుంది. మెక్సికోలో దొరికింది అలాగే. కాబట్టి సముద్రం మీద ఏం జరుగుతుందో అక్కడ ఉన్నవాళ్ళు కొలిచి చెబితే తప్ప బయటివాళ్ళకు తెలిసే దారులు తక్కువ.

ఇక మన దగ్గరకు రండి. ఎస్.యానాం దగ్గర రవ్వ క్షేత్రం 1990ల నుంచి నడుస్తోంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది, తర్వాత ఉత్పత్తి పడిపోయింది, 2020 డిసెంబరులో ఆర్ క్లస్టర్ అనే కొత్త బావుల గుంపుతో మళ్ళీ లేచింది. అక్కడ రెండు కిలోమీటర్ల లోతు నీటి అడుగునుంచి గ్యాస్ వచ్చి గాడిమొగ చేరుతుంది. ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు మొదలైంది, దాని ఒడ్డు టెర్మినల్ ఓడలరేవులో ఉంది. దేశంలో తీస్తున్న గ్యాస్‌లో పెద్ద వాటా మా తీరం నుంచే వెళ్తోంది. మరి వీటిలో ఏ ప్లాట్‌ఫామ్ నుంచి పోయిన సంవత్సరం ఎంత మీథేన్ పోయిందో, దాన్ని ఏ పద్ధతిలో కొలిచారో, కాట్రేనికోన కుర్రాడు ఫోన్‌లో తెలుగులో చదువుకునే వీలుందా? లేదు.

పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెడతారు, ఆర్నెల్లకోసారి రిపోర్టు ఇవ్వాలి. ఒక కంపెనీ రిపోర్టు చదివాను, పేరు ఎందుకులెండి. ఎడమవైపు షరతు, కుడివైపు జవాబు. ఫ్లేరింగ్ తగ్గించాలి అని ఎడమవైపు ఉంటే కుడివైపు "పాటిస్తున్నాం". లీకులు కనిపెట్టే ఏర్పాటు ఉండాలి అంటే "పాటిస్తున్నాం". ఎన్ని లీకులు దొరికాయి, ఎన్ని రోజుల్లో సరిచేశారు, ఫ్లేర్ ఎన్ని గంటలు ఆరింది అని ఒక్క అంకె లేదు. అలాంటి జవాబుతో స్కూల్లో హోంవర్క్ కూడా ఒప్పుకోరు! దీనికి తోడు 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో తేలికైన బీ2 కేటగిరీలోకి మార్చింది. దాంతో ఆ దశలో పబ్లిక్ హియరింగే అక్కర్లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు ఇంకా ఉంది, అంటే మనకు అడగడానికి మిగిలిన గుమ్మం అదొక్కటే.

ప్లాట్‌ఫామ్ నుంచి సముద్రంలోకి వదిలే నీటికైతే మన దేశంలో అంకె ఉంది. నూటికి 95 పరీక్షల్లో లీటరుకు 40 మిల్లీగ్రాముల నూనె దాటకూడదు, రోజుకు మూడు శాంపిళ్ళు తీయాలి. యూరప్‌లోని నార్త్ సీలో 30. మనది ఇంకా బిగించాలనేది నా అభిప్రాయం. అయినా నీటికి శాంపిల్ తీసి కొలవాలని చట్టం చెప్పింది కదా, అదే నియమం గాలికెందుకు లేదు?

మాకు గ్యాస్ అంటే పేపర్లో చదివిన విషయం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండూ నేలమీదవి, కనపడ్డవి, కాబట్టి విచారణలు జరిగాయి. ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిన మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున పరిహారం వచ్చింది. వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన డబ్బు, వాళ్ళ హక్కు. కానీ డబ్బు చేతిలో పెట్టడంతో సరిపెట్టేశారు. వాళ్ళు బతికే గాలి, నీళ్ళ లెక్కలు చూపించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఖర్చవుతుంది, కుదరదు అనేవాళ్ళకు నార్వే సంగతి చెప్పాలి. 1991లో అక్కడ సముద్రంలోని చమురు, గ్యాస్ ఉత్పత్తి మీద కార్బన్ పన్ను వేశారు. స్లైప్నర్ క్షేత్రంలో గ్యాస్‌తో పాటు తొమ్మిది శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని వేరుచేసి గాల్లోకి వదిలితే పన్ను కట్టాలి. ఆ లెక్క చూసుకుని 1996 నుంచి చాలా ఏళ్ళు ఏటా పది లక్షల టన్నులకు దగ్గరగా సముద్రం అడుగున ఇసుకరాతి పొరల్లోకి పంపారు. ట్రోల్ ఏ ప్లాట్‌ఫామ్‌కు అదే 1996లో ఒడ్డు నుంచి కరెంటు తీగ వేశారు, అక్కడ కంప్రెసర్లు నడపడానికి గ్యాస్ టర్బైన్లు అవసరం రాలేదు. వదిలే ప్రతి టన్నుకూ ధర ఉండడం వల్లే ఇవి జరిగాయి. మీథేన్‌కైతే అంత పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. చమురు, గ్యాస్ రంగంలో మీథేన్‌ను ఇప్పుడున్న టెక్నాలజీతోనే దాదాపు 70 శాతం ఆపొచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏళ్ళుగా చెబుతోంది. పైగా ఆపిన గ్యాస్ అమ్ముకునే సరుకే.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో 2030కల్లా మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామని చాలా దేశాలు సంతకాలు పెట్టాయి. మన దేశం పెట్టలేదు. మన మీథేన్‌లో ఎక్కువ భాగం పశువులది, వరి పొలాలది, చిన్న రైతుల మీద భారం పడకూడదన్నది మన వాదన. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండు గేదెలు, ఎకరం వరి ఉన్న రైతును ఎవరూ వేలెత్తి చూపకూడదు. కానీ ఆ రైతును అడ్డుపెట్టుకుని వేల కోట్ల ప్లాట్‌ఫామ్‌లు తప్పించుకోవడం అన్యాయం. సంతకం పెట్టకపోయినా గ్యాస్ రంగం వరకు మన చట్టం మనం చేసుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఉత్పత్తి అనుమతుల కోసం మన తీరంలో ఈసారి పబ్లిక్ హియరింగ్ పెడితే ఉద్యోగాలు, రోడ్లతో పాటు ఇవి కూడా అడగండి. ఫ్లేర్‌కు, గ్యాస్‌ను కాల్చకుండా వదిలే వెంట్‌కు మీటర్లు పెట్టి, పైలట్ మంట ఆరిన గంటలతో సహా నెలనెలా నెట్‌లో పెడతారా? మూడు నెలలకోసారి బయటి సంస్థతో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తనిఖీ చేయించి, దొరికిన లీకులు, సరిచేసిన తేదీలు బయటపెడతారా? బావి గ్యాస్‌తో నడిచే కంట్రోలర్లు ఎన్ని ఉన్నాయి, ఎప్పటికి మారుస్తారు? జవాబులు మినిట్స్‌లో రాయించండి, నోటిమాటగా వదిలేయొద్దు. ఈ ప్రశ్నలు వినతిపత్రంలా తెలుగులో టైప్ చేసి పెట్టాను. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. గాడిమొగ, ఓడలరేవు, ఎస్.యానాం వైపు వాళ్ళెవరైనా ఉంటే ముందు మీరే అడగండి.