తెరుచుకోని పిన్నీసు

నిన్న సాయంత్రం నుంచి కడుపు మండిపోతోంది. ఇది రాస్తే తప్ప నిద్రపట్టేలా లేదు.

మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్నయ్య. ఆయన మనవరాలికి పుట్టినరోజు బట్టలు కొనాలని నిన్న ముగ్గురం ఓ మాల్‌కి వెళ్ళాం. ఆ పిల్ల ఒక నల్ల టీషర్టు తీసి చూపించింది. భుజం దగ్గర చిరుగు, దాన్ని పట్టి ఉంచినట్టు ఆరు పిన్నీసులు. ధర 6,499 రూపాయలు. చూడగానే గుండె ఝల్లుమంది, సంతోషంతోనే. అచ్చం 1978లో లండన్‌లో నేను వేసుకున్న పంక్ చొక్కా అది! పంక్ అంటే అప్పట్లో అక్కడి కుర్రకారు పాటల్లోనూ బట్టల్లోనూ చూపించిన తిరుగుబాటు. చెయ్యి చాచి ఒక పిన్నీసు తీయబోయాను. రాలేదు. ఇంకోటి పట్టుకున్నాను. అదీ రాలేదు. సేల్స్ కుర్రాడు వచ్చి, "అవి ఓపెన్ కావు మేడమ్, ఫిక్స్ చేసేసినవి, డిజైన్ అది" అన్నాడు.

తెరుచుకోని పిన్నీసు ఎందుకండీ? ఎవరైనా చెప్పండి. పిన్నీసు అంటే ఉన్నపళంగా ఉపయోగపడే వస్తువు. మా అమ్మ నల్లపూసలకు ఎప్పుడూ మూడు నాలుగు వేలాడుతుండేవి. జాకెట్టు హుక్కు ఊడినా, చెప్పు తెగినా, కాల్లో ముల్లు దిగినా అమ్మ చెయ్యి ముందు మెడ దగ్గరికి వెళ్ళేది. నా చొక్కాకి పెట్టుకున్న మొదటి పిన్నీసు అక్కడిదే.

నాన్న డాక్టరు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి ఉద్యోగం వస్తే 1974లో గుంటూరు నుంచి లండన్ పక్కన హౌన్‌స్లో వెళ్ళాం. నాకప్పుడు పదకొండేళ్ళు. పదిహేనేళ్ళు వచ్చేసరికి శనివారం అంటే నాకు కింగ్స్ రోడ్డే. లైబ్రరీకి అని చెప్పి పికడిల్లీ లైన్ ఎక్కి, ఎర్ల్స్ కోర్ట్‌లో మారి స్లోన్ స్క్వేర్‌లో దిగేదాన్ని. అక్కడి నుంచి కింగ్స్ రోడ్డు మీదుగా వరల్డ్స్ ఎండ్ అనే చోటు దాకా నడక. రెండు పక్కలా షాపులు చూసుకుంటూ, జేబులో టికెట్ డబ్బులు తప్ప ఇంకేం లేకుండా.

ఆ రోడ్డులో 430 నంబరు బట్టల షాపు గురించి మీలో కొందరైనా వినే ఉంటారు. మాల్కమ్ మెక్‌లారెన్, వివియెన్ వెస్ట్‌వుడ్‌లది. 1971లో 'లెట్ ఇట్ రాక్', 1974లో 'సెక్స్', 1976 చివర్లో 'సెడిషనరీస్', 1980లో 'వరల్డ్స్ ఎండ్'. సామాను మారినప్పుడల్లా బోర్డు మార్చేవాళ్ళు. నేను చూసింది సెడిషనరీస్. బయటి నుంచి లోపల ఏముందో కనబడకుండా తెల్లటి మసక అద్దాలు. మూడు శనివారాలు తలుపు దాకా వెళ్ళి భయపడి తిరిగొచ్చేశాను. నాలుగో శనివారం లోపలికి వెళ్తే, గోడ మీద బాంబులకు నేలమట్టమైన డ్రెస్డెన్ నగరం ఫొటో, ఇంకో గోడకి తలకిందులుగా లండన్‌లోని పికడిల్లీ సర్కస్ కూడలి ఫొటో, పైకప్పుకి కన్నాలు! బట్టల షాపంటే గుంటూరులో చాప మీద కూర్చుంటే మన ముందు తానులు విప్పి పరిచేవాళ్ళే తెలుసు నాకు. నోట మాట రాలేదు.

ఆ షాపుల్లో పనిచేసేవాళ్ళు కూడా అలాంటి వాళ్ళే. జోర్డన్ అనే అమ్మాయి సముద్రం ఒడ్డున సీఫర్డ్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఆ జుట్టు, ఆ కళ్ళ రంగులు, ఆ బట్టలు చూసి తోటి ప్రయాణికులు గొడవ పడుతుంటే రైల్వే వాళ్ళే ఆమెను ఫస్ట్ క్లాస్‌లో కూర్చోబెట్టేవారట. ఉద్యోగానికి వెళ్ళడానికి రోజూ అంత ధైర్యం కావాలి! ఆమె 2022లో పోయింది. అదే ఏడాది డిసెంబరులో వెస్ట్‌వుడ్ పోయింది.

అక్కడి ధరలు నాలాంటి పిల్లలకు అందేవి కావు. అయినా ఎవరూ 'కొనకపోతే బయటికి నడువు' అనలేదు. గంటసేపు నిలబడి కుట్టు ఎక్కడ వేశారో, జిప్పు ఎక్కడ పెట్టారో కళ్ళతో కొలుచుకుని, ఇంటికొచ్చి నాన్న పాత చొక్కాకి కత్తెర పెట్టేదాన్ని. నాలాంటి వాళ్ళు ఎందరో. ఆ షాపుల వల్ల మాకు వచ్చింది అదీ. చూసి నేర్చుకోవడం, ఉన్నదాన్ని కోసి మనదిగా కుట్టుకోవడం. ఇప్పుడు చిరుగు కూడా వాళ్ళే చించి, పిన్నీసు కూడా వాళ్ళే అంటించి అమ్ముతుంటే ఇక ఆ పిల్ల చెయ్యడానికి ఏం మిగిలింది?

2013లో న్యూయార్క్ మెట్ మ్యూజియంలో పంక్ బట్టల ప్రదర్శన పెట్టారు. అందులో, పంక్ పాటలకు పేరుపడ్డ ఆ ఊరి సీబీజీబీ క్లబ్బు మరుగుదొడ్డిని అచ్చుగుద్దినట్టు కట్టి చూపించారు. 2016లో లండన్‌లో పంక్‌కి నలభై ఏళ్ళ ఉత్సవాలన్నారు. అది చూసి మెక్‌లారెన్, వెస్ట్‌వుడ్‌ల కొడుకు జో కోరే తన దగ్గరున్న పంక్ బట్టలూ వస్తువులూ థేమ్స్ నదిలో పడవ మీద పెట్టి తగలబెట్టాడు. వాటి విలువ యాభై లక్షల పౌండ్లని చెప్పాడు. ఆ రోజు అతన్ని నేను తిట్టుకున్నాను. నిన్న ఆ టీషర్టు చూశాక మాత్రం అతని మంట అర్థమైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్ని తలుచుకునే వాళ్ళందరూ తెల్లపిల్లల ఫొటోలే వేస్తారు. కానీ అదే రోడ్డులో ఆక్మే అట్రాక్షన్స్ అనే బట్టల షాపు నడిపిన డాన్ లెట్స్ జమైకా తల్లిదండ్రుల బిడ్డ. జమైకా రెగె పాటలతో ఆ షాపున్న బేస్‌మెంట్ మోగిపోయేదట. బ్యూఫోర్ట్ మార్కెట్‌లో స్టాల్ పెట్టుకున్న పంక్ గాయని పాలీ స్టైరీన్ తండ్రి సోమాలియా మనిషి. పళ్ళకు క్లిప్పులతో, నా రంగుకి దగ్గరి రంగుతో ఆమె టీవీలో కనబడ్డ రోజు నేను అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో! అప్పుడు వీధుల్లో నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ వాళ్ళు మమ్మల్ని వెళ్ళిపొమ్మని ఊరేగేవాళ్ళు. 1979 ఏప్రిల్ 23న మా పక్కనే సౌతాల్‌లో వాళ్ళ సభకు ఎదురు నిలిచినప్పుడే బ్లెయిర్ పీచ్ అనే టీచరు పోలీసు దెబ్బ తగిలి చనిపోయాడు. అలాంటి రోజుల్లో సెడిషనరీస్ 'డిస్ట్రాయ్' చొక్కా మీద నాజీల గుర్తు వేసి అమ్మింది. పెద్దవాళ్ళకు షాక్ ఇవ్వడానికట. దాన్ని నేను ఇప్పటికీ క్షమించను. నాకు ఎంత ఇష్టమైన షాపైనా సరే.

అసలు మంట ఇంకోటుంది. 1980 వేసవి సెలవులకు గుంటూరు వచ్చాం. నేను ఎంతో ముచ్చటగా నా పిన్నీసుల చొక్కా వేసుకుని పెద్దనాన్న వాళ్ళింట్లో అడుగుపెట్టాను. "చిరిగిన బట్టలు కడితే ఇంటికి దరిద్రం" అని పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేసింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అన్నయ్య. "లండన్ నుంచి అడుక్కుతినేది వచ్చిందిరా" అని వీధిలో స్నేహితులందర్నీ పిలిచి చూపించాడు. నాన్న తల దించుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి అమ్మ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా లాంతరు దగ్గర కూర్చుని పిన్నీసులన్నీ తీసేసి చొక్కా మొత్తం కుట్టేసింది. సన్న కుట్టు. చిరుగు ఎక్కడుండేదో కూడా కనబడలేదు. తీసిన పిన్నీసులు మళ్ళీ తన నల్లపూసలకు పెట్టుకుంది.

నిన్న ఆ టీషర్టుకి బిల్లు కట్టింది ఆ అన్నయ్యే. "ఇప్పుడు ఇదే ఫ్యాషన్‌రా" అని మనవరాలి తల నిమిరాడు. కారులో కూర్చున్నాక అడిగాను, "అన్నయ్యా, 1980లో నా చొక్కా గుర్తుందా?" అని.

కాసేపు ఆలోచించాడు.

"ఏ చొక్కా, అమ్మలూ?" అన్నాడు.