వేపచెట్టుకు షోకాజ్ నోటీసు ఇవ్వాలి

పిల్లలకు బొమ్మలు రావడం లేదని డ్రాయింగు మాస్టర్లను తిట్టడం ఇక ఆపాలి. తప్పు మాస్టర్లది కాదు, తోటలది. రెండు త్రికోణాల కొండలు, వాటి మధ్య సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు, పైన పడుకున్న 3 అంకెల్లాంటి పక్షులు. తరతరాలుగా స్కూళ్లు ఆమోదించిన ప్రకృతి ఇదీ. కడపలో ఏ పార్కులో బొమ్మ గీద్దామని కూర్చుని చూసినా ఇందులో ఒక్కటీ నిబంధనల ప్రకారం ఉండదు. దక్షిణాన పాలకొండలు త్రికోణంగా నిలబడకుండా అడ్డంగా పడుకుని ఉన్నాయి. సూర్యుడు వాటి మధ్యకు రాకుండా తూర్పున తన దారిన తాను వస్తాడు. పైగా దూరపు కొండ దగ్గరి చెట్టుకంటే లేతగా కనబడుతుంది కాబట్టి దానికి లేతగా గీసే హెచ్‌బి, చెట్టుకు ముదురుగా గీసే 4బి అని రెండు పెన్సిళ్ల ఖర్చు.

మొదటి ముద్దాయి వేప. ఒక్కో ఈనెకు అటూ ఇటూ కలిపి 20కి పైగా చిన్నాకులు. ఆ ఆకైనా సవ్యంగా ఉందా? అంచున రంపపు పళ్లు, ఒళ్లంతా కొడవలి ఒంపు, మొదట్లో ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క ఇరుకు. మనవాళ్లు నిజాయితీపరులు, ఒక్కో ఆకూ గీయడానికి కూర్చుంటారు. మెడ పట్టేసే వేళకు ఇంకా మొదటి కొమ్మలోనే ఉంటారు. తెలిసినవాళ్లు చెప్పే ఉపాయం మరీ అన్యాయం: కళ్లు సగం మూసి చూడాలట! అప్పుడు ఆకులు మాయమై వెలుగు, నడిమి ఛాయ, చీకటి అని మూడు ముద్దలే మిగులుతాయి. ఆ మూడూ పెట్టి, ఆకాశం తొంగిచూసే కంతలు వదిలి, కంతల్లోంచి కొమ్మ కనబడేలా చేసి, ఆకులను అంచుల్లో నాలుగైదు చోట్ల గీస్తే చాలు, చూసేవాడు చెట్టంతా వేపాకేనని నమ్ముతాడు. చూసి గీయమని పిలిచి కళ్లు మూసుకోమంటే ఎవరికి చెప్పుకోవాలి?

రెండో ముద్దాయి సూర్యుడు. గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఏడింటి నీడ ఎనిమిదిన్నరకు అక్కడుండదు. ఔత్సాహికులు రబ్బరు పట్టుకుని దాని వెంట పడతారు. చివరికి బొమ్మలో మాను నీడ ఏడింటిది, కుండీ నీడ తొమ్మిదింటిది. మొదటి ఐదు నిమిషాల్లో నీడల అంచులు సన్నగా గీసుకుని, తర్వాత వాటి జోలికి పోకుంటే సరిపోతుంది, నిజమే. కానీ మాట మీద నిలబడనిది సూర్యుడైతే సర్దుకుపోవాల్సింది మనమా? ఎండ నేరుగా కాగితం మీద పడితే ఇంకో దగా. తెలుపు కళ్లు చెదరగొడుతుంది, గీత లేతగా అనిపిస్తుంది, ఇంకాస్త నొక్కుతారు, ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా మసి. కాగితం నీడలో ఉండాలి, చెట్టు ఎండలో ఉండాలి. ఇన్ని కోరికలు మగపెళ్లివారికి కూడా ఉండవు.

కుండీలూ తక్కువ తినలేదు. మూతి గుండ్రమని అందరికీ తెలుసు, పక్కనుంచి చూస్తే కోలగా ఉంటుంది. ఆ కోల చివర్లు మొనదేలకూడదు, మలుపు తిరగాలి. అడుగు నేల మీదుంది కదా అని అడ్డగీత లాగితే కుండీ తేలిపోతుంది. కంటికి ఎంత కిందుంటే వంపు అంత ఎక్కువ, అంటే అడుగు మూతికంటే ఎక్కువ వంగాలి.

ఇక కొలతలు. చేయి బిగుతుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు కొన మాను పైభాగానికీ బొటనవేలు మాను మొదలుకూ ఆనించి, పైనున్న కొమ్మల గొడుగు ఆ పొడవుకు ఎన్ని రెట్లో చూడాలి. గొడుగు కొలిచేటప్పుడు మోచేయి వంగిందా, పెన్సిలు కంటికి దగ్గరై గొడుగు చిక్కిపోతుంది. ఈ భంగిమలో ఉండగా వాచ్‌మన్ వస్తాడు.

"ఏం సార్, కొలుస్తాండారే, రోడ్డు పడతాదా ఈడ?"

బొమ్మ అని చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది. "ఫోన్ లేదా సార్?"

కాబట్టి వేపకు ఈనెకు ఆరు ఆకుల పరిమితి పెట్టాలి. సూర్యుణ్ని ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకేచోట నిలపాలి. కుండీలన్నీ చతురస్రంగా పోయించాలి. బెంచీల సంగతి కూడా తేల్చాలి. అన్నీ కడప బండలే, నల్లరాయి, మే నెలలో పది దాటితే కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. అప్పటిదాకా పాత దినపత్రిక నాలుగు మడతలు పెట్టి వేసుకోవచ్చు. రాశిఫలాలు మాత్రం లోపలికి మడవాలి. లేకుంటే వాకింగుకొచ్చిన పెద్దాయన మిమ్మల్ని లేపి మరీ కర్కాటకం చదువుకుని పోతాడు.